ముఖం చూసే లిఫ్ట్

మా భవనంలో లిఫ్ట్ మార్చారు. పాతది చెడిపోలేదు, పాతబడింది. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళే నివాసుల సంఘాలకు కార్యదర్శులవుతారు. మా సంఘం కార్యదర్శి మా బామ్మర్ది.

నేను పనిచేసినన్నాళ్ళూ లిఫ్టులు బిగించాను. చదువు ఊరి బడితో సరి. నా భార్య పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఐదో అంతస్తులో నేనూ, మా అక్కా ఉంటాం. అక్కకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. అది అదృష్టమన్నాడు డాక్టరు. ఆయన మా ఇంట్లో ఉండడు కాబట్టి అలా అన్నాడు.

అక్కను చూసుకోవడానికి ఒక ఆయమ్మ వస్తుంది. ఆమెకు ముందు వచ్చినవాళ్ళెవరూ నిలవలేదు. ఒకామె చెయ్యి అక్క కొరికింది. ఇంకొకామె మీద పాల గ్లాసు విసిరింది, ఎడమ చేత్తో, గురి తప్పకుండా. ఈ ఆయమ్మ వచ్చిన రోజున కూడా, "ముట్టుకున్నావంటే కరుస్తా" అంది.

"కరవండమ్మా. కట్టుడు పళ్ళేగా. నా చేతికి అంటుకుపోతే మళ్ళీ నేనే కడిగి మీ నోట్లో పెట్టాలి" అంది ఆయమ్మ.

అక్క నవ్వింది. నా భార్య పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. అప్పటినుంచి ఆయమ్మ తప్ప ఇంకెవరు ముట్టుకున్నా అక్క ఊరుకోదు. ఆమెను ఎత్తే శక్తి నా నడుముకు లేదు. ఉన్నా, తమ్ముడి చేత స్నానం చేయించుకోనంటుంది. ఆయమ్మ మానేస్తే అక్కను ఆశ్రమంలో చేర్చడం తప్ప దారి లేదు. ఆ ఆశ్రమం అక్క ఒకసారి చూసింది. స్నేహితురాలెవరో అక్కడ ఉండేది. "మంచాలకు నంబర్లు వేశార్రా. మనిషిని ఆ నంబరుతోనే పిలుస్తున్నారు. నన్నక్కడ పడేస్తే తిండి మానేస్తా" అంది తిరిగొచ్చాక. అక్క అన్నదంటే చేస్తుంది.

అందుకే ఈ లిఫ్ట్ గొడవ నాకు లిఫ్ట్ గొడవ కాదు. అక్క బతుకు.

కొత్త లిఫ్ట్‌కు బటన్లు లేవు. తలుపు పక్కన గోడలో నల్లటి అద్దం ఉంది. దాని ముందు నిలబడితే ముఖం గుర్తుపట్టి, తలుపు తెరిచి, ఎవరి అంతస్తుకు వాళ్ళను తనే తీసుకెళ్తుంది. ఒక ఆదివారం అందరం వరసలో నిలబడి ముఖాలు ఇచ్చి వచ్చాం. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ ముఖాలు తీసుకోలేదు. అతిథులకు ఒక రోజు అనుమతి ఉంది. రోజూ వచ్చేవాళ్ళు అతిథులు కారట. కింద గోడకు నోటీసు అంటించారు. నివాసుల భద్రత దృష్ట్యా పనివారు మెట్ల మార్గమును వినియోగించవలసిందిగా మనవి అని. కాదనే వీలు లేనిదాన్ని మనవి అనరు. బామ్మర్ది కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, ఆ మాత్రం తెలిసుండాలి.

మొదటి రోజు ఆయమ్మ ఎంతకీ రాలేదు. తలుపు తీసి మెట్లవైపు చూశాను. నాలుగో అంతస్తు మలుపులో కూర్చుని ఉంది. సంచీ పక్కన పెట్టి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుంది.

"ఏమ్మా, అక్కడే కాపురం పెట్టావా?"

"అవునయ్యా. గాలి బావుంది. మీ అక్కగారిని కూడా ఇక్కడికే తెచ్చెయ్యండి, ఇక్కడే చేస్తా పని."

"లేవగలవా?"

"లేస్తా. ఆ లిఫ్టుకి నా ముఖం నచ్చలేదంటయ్యా. మా ఆయనకీ నచ్చలేదు లెండి, నాకలవాటే. కానీ ఆయన మెట్లెక్కించలేదు పాపం."

గోడ పట్టుకుని ఎక్కింది. ఆ రోజు పనంతా చేసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"అయ్యా, దాచడమెందుకు? ఈ మోకాళ్ళు రోజూ ఇన్ని మెట్లు ఎక్కవు. ఈ నెల చూస్తా. పక్క వీధిలో మేడ లేని ఇల్లు ఒకటుంది, వాళ్ళు ఎప్పటినుంచో రమ్మంటున్నారు."

గదిలోంచి అక్క అరిచింది. "ఏమే పిల్లా, పోతావా?" ఆయమ్మకు యాభై దాటాయి. అక్కకు పిల్లే.

"నేను పోనమ్మా. నా మోకాళ్ళు పోతామంటున్నాయి."

ఆ పూట అక్క తినలేదు. బెదిరింపు కాదు. చెంచా నోటిదాకా తీసుకెళ్తే తల గోడవైపు తిప్పుకుంది.

నేను మొదట బిగించిన లిఫ్ట్‌కు ఇనుప జాలీ తలుపు. లోపల ఒక స్టూలు, దాని మీద లిఫ్ట్‌మ్యాన్. మీసాలాయన అనేవాళ్ళం. హ్యాండిల్ ఆయన చేతిలో ఉండేది. వచ్చినవాళ్ళ ముఖం కాదు, కాళ్ళు చూసేవాడు. బూట్లయితే లేచి నిలబడేవాడు. చెప్పులైతే కూర్చునే తలుపు లాగేవాడు. వట్టికాళ్ళయితే మెట్లవైపు గడ్డం ఎగరేసేవాడు. ఆయన ఇంటినుంచి వట్టికాళ్ళతోనే వచ్చేవాడు. కంపెనీవాళ్ళిచ్చిన బూట్లు స్టూలు కింద దాచుకుని, పనిలోకి దిగాక తొడుక్కునేవాడు.

తరవాత బటన్లు వచ్చాయి. మీసాలాయన ఉద్యోగం పోయింది. బటన్‌కు వేలు తగిలితే చాలు. ఆ వేలికి ఉంగరముందో మసి ఉందో దానికి అక్కర్లేదు. బట్టల మూట మోసేవాడూ, బ్యాంకు మేనేజరూ ఒకే పెట్టెలో పైకి వెళ్ళారు. ఇష్టపడి కాదు. ఒకడు పైకప్పు చూస్తూ, ఇంకొకడు కింద చూస్తూ వెళ్ళారు. అయినా వెళ్ళారు. అది చూసి లోకం మారిపోయిందని చాలామంది అనుకున్నారు. కొన్నాళ్ళు నేనూ అనుకున్నాను. లోకం మారలేదు. లిఫ్ట్‌కు కళ్ళు లేవు, అంతే. ఇప్పుడు కళ్ళు వచ్చాయి.

మా బామ్మర్ది అన్నిటికంటే కింద, నేల అంతస్తులో ఉంటాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. మంచివాడని పేరు. వాడితో నాకు ఒక్కటే పేచీ. వాళ్ళ అక్క, అంటే నా భార్య, పోయిన రోజు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో పదేళ్ళు ఆగితే ఈ జబ్బుకు మందు వచ్చేది బావా" అన్నాడు. ఓదార్చాననుకున్నాడు. మందు నిజంగానే వచ్చింది. వాణ్ణి నేను క్షమించలేదు.

"రండి బావా. టీ పెట్టమంటారా?"

"వద్దు. మా ఆయమ్మ ముఖం లిఫ్ట్‌లో ఎక్కించు."

"నేనొక్కణ్ణి చేసేది కాదు. కమిటీ నిర్ణయం. మూడో అంతస్తులో దొంగతనం జరిగింది కదా."

"చెప్పులు పోయాయి. అవి వాళ్ళ కారులోనే దొరికాయి."

"చెప్పులు దొరికాయి. భయం పోలేదు. ఏం చెయ్యమంటారు?"

"మీసాలాయన చేసిన పనే ఇది. కాకపోతే ఆయనకు జీతమిచ్చేవాళ్ళు."

"అది వేరు, ఇది వేరు. అప్పుడు మనిషిని చూసి చీదరించుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరికీ ఎవరి మీదా చీదర లేదు. నమోదైనవాళ్ళు, కానివాళ్ళు. అంతే తేడా."

"ఆ తేడా మోకాలికి ఎలా తెలుస్తుంది?"

వాడు నవ్వాడు. వెనక బెంచీ కుర్రాణ్ణి చూసి నవ్వే నవ్వు. "బావా, ఒక్క లిఫ్ట్‌ను చూసి లోకాన్ని కొలవకండి. మీ అమ్మగారు ఎంతమందిని కన్నారు? ఎంతమంది దక్కారు? మీ అక్కను బడి ఎందుకు మాన్పించారు? ఆడపిల్లకు అక్షరాలెందుకన్నారు. ఇవాళ మీ ఆయమ్మ కూతురు నర్సు కోర్సు చదువుతోంది. ఇది ముందుకెళ్ళడం కాక ఏమిటి?"

"పిల్లలు బతకడం మందుల పని. మనుషుల మంచితనం కాదు."

"మందులు ఎవరు కనిపెట్టారు మరి, కోతులా?"

ఆ మాట ఒప్పుకున్నాను. అక్క బడి సంగతి కూడా నిజమే. బడి మాన్పించిన రోజు అక్క పలక పగలగొట్టింది. ఆ ముక్కలు ఏరి పారబోసింది మా అమ్మ. ఇప్పుడు ఏ తల్లీ అలా చేయదు. అంతవరకూ బామ్మర్దిదే గెలుపు.

"సరే. ఆ పిల్ల నర్సయి అక్కకు సూది వెయ్యడానికి వస్తే లిఫ్ట్ ఎక్కొచ్చా?"

"అది వైద్యసేవ కిందికి వస్తుంది. ఎక్కొచ్చు."

"కూతురు ఎక్కొచ్చు. తల్లి ఎక్కకూడదు."

"ఒక్క తరంలో అంత దూరం వచ్చారు బావా! నేను మొత్తుకునేది అదే కదా!"

వాడు గేలి చేయడంలేదు. నిజంగానే సంతోషించాడు. అలాంటివాడితో ఎలా వాదించాలో నాకు తెలియదు.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. ఆవిణ్ణి మీ కుటుంబంలో మనిషిగా రాయించండి. చుట్టమని ఏదో ఒక వరస చెప్పండి. నేను ఆరా తియ్యను."

ఆ మాట ఇంటికి తెచ్చాను. ఆయమ్మ అక్క జుట్టు దువ్వుతోంది.

"మీ చుట్టాన్నా? నేను మీకేమవుతాను?"

"నా చెల్లెలని చెప్పరా" అంది అక్క.

"చెల్లెలికి జీతమెవరిస్తారమ్మా? భోజనం పెట్టి పంపేస్తారు."

"ఉత్తుత్తికేనమ్మా" అన్నాను.

"ఉత్తుత్తిది కాబట్టే వద్దయ్యా. నేనిక్కడికి పనికొస్తున్నా, దొంగతనానికి కాదు. పనిమనిషిగా ఎక్కనిస్తే ఎక్కుతా. మూడో అంతస్తు వంటామె అడిగితే ఏం చెప్పను? నాకు చుట్టరికం కుదిరింది, నువ్వూ ఒకటి వెతుక్కో అననా?"

నాకు కోపం వచ్చింది. "మోకాళ్ళకు రోషం ఉండదమ్మా."

"ఉండదయ్యా. అందుకే వాటి మాట వినట్లేదు."

మర్నాటినుంచి నేనే కిందికి దిగి ఆమెను తీసుకురావడం మొదలుపెట్టాను. అద్దం ముందు నా ముఖం పెడితే తలుపు తెరుచుకునేది. ఆయమ్మ నా వెనక ఎక్కేది. నా వెనక ఎవరున్నారో ఆ అద్దం అప్పట్లో పట్టించుకోలేదు. ఇది మిగతా పనివాళ్ళు చూశారు. ముందు మూడో అంతస్తు వంటామె వచ్చి నిలబడింది. తరవాత ఇస్త్రీ బట్టలాయన, తుడిచే ఆవిడ, నీళ్ళ డబ్బాలవాడు. నా ముఖానికి లిఫ్ట్ ఐదో అంతస్తుకే వెళ్ళేది. వంటామె నాతో ఐదు దాకా ఎక్కి, రెండంతస్తులు దిగిపోయేది. పొద్దున పూటంతా నేను కిందికీ పైకీ తిరుగుతూనే ఉండేవాణ్ణి.

"సార్, స్టూలు వెయ్యమంటారా?" అన్నాడు వాచ్‌మన్.

"వెయ్యి. మీసాలు కూడా తెప్పించు."

వాడికి అర్థం కాలేదు. మీసాలాయన సంగతి వాడికెలా తెలుస్తుంది? ఆ కొద్దిరోజులూ నాకు బాగానే గడిచింది. లిఫ్ట్‌లో మాటలుండేవి. ఏ ఇంట్లో కూర మాడిందో, ఏ ఇంట్లో మొగుడూపెళ్ళాలు మాట్లాడుకోవడంలేదో అన్నీ తెలిసేవి. నాలుగో అంతస్తు వకీలు ఒకరోజు తలుపు తెరవగానే మా గుంపును చూసి ఆగిపోయాడు. చోటుంది రమ్మన్నాను. ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి జరిగాడు. ఆ ఫోన్ మోగలేదు.

వారం తిరక్కుండానే ఫిర్యాదు వెళ్ళింది. కంపెనీనుంచి ఒకతను వచ్చాడు. మర్యాదస్తుడు. లిఫ్ట్ లోపల కూడా ఒక నల్లటి అద్దం బిగించాడు. ఇంకేం చేస్తాడో చూద్దామని వెంట మేడ మీదికి వెళ్ళాను.

"మిషన్ రూమ్ ఏదయ్యా?"

"ఇప్పుడు ఉండదు సార్. మోటారు కూడా లోపలే." గోడకు బిగించిన పెట్టె చూపించాడు. దానికి ఒక్క మర కూడా కనబడలేదు.

"ఇది ఎలా తెరుస్తారు?"

"తెరవం సార్. పాడైతే పెట్టె మొత్తం మారుస్తాం."

"మరి ముఖాలు ఎక్కడుంటాయి?"

"ఇక్కడ ఉండవు. వేరే ఊళ్ళో ఎక్కడో."

"ఏ ఊళ్ళో?"

"నాకూ తెలీదు సార్."

అబద్ధం చెప్పను. లిఫ్ట్ మాత్రం గొప్పగా చేశారు. నా కాలపు లిఫ్ట్‌లో నిండు గ్లాసు పట్టుకుంటే చొక్కా తడిసేది. దీంట్లో చుక్క తొణకదు. నా చేతులు జేబులో పెట్టుకుని కిందికి వచ్చాను. వాటికి అక్కడ పనిలేదు.

ఆ తరవాతి రోజే అక్కను ఆస్పత్రికి తీసుకెళ్ళి తిరిగొచ్చాం. చక్రాల కుర్చీలో అక్క. వెనక తోస్తూ ఆయమ్మ, పక్కన నేను. తలుపు తెరుచుకుంది. ముగ్గురం ఎక్కాం. తలుపు మూసుకోలేదు. పైనుంచి తియ్యటి ఆడగొంతు వినబడింది.

"గుర్తింపు లేని వ్యక్తి లోపల ఉన్నారు. దయచేసి బయటకు రావలసిందిగా మనవి."

"ఎవర్తివే నువ్వు? నువ్వే బయటికి రా, చూస్తా!" అంది అక్క.

గొంతు మళ్ళీ అదే చెప్పింది. అంతే తీపిగా. మీసాలాయన కూడా జనాన్ని మెట్లకు తోలినవాడే. కానీ ఒకసారి నిండు నెలల మనిషి వట్టికాళ్ళతో వస్తే, ఆయన గోడవైపు తిరిగి దగ్గుతూ తలుపు తెరిచి ఉంచాడు. ఆమె ఎక్కింది. నేను చూడలేదు అన్నాడు తరవాత. చూడనట్టు ఉండడం మనిషికి వచ్చు. దీనికి అది నేర్పలేదు.

"గుర్తింపు లేని వ్యక్తి..."

"దిగుతున్నానమ్మా, దిగుతున్నా. గొంతు నొప్పెట్టగలదు" అంటూ ఆయమ్మ దిగిపోయింది.

తలుపు మూసుకుంది. అక్క ఎడమ చేత్తో తలుపు మీద కొట్టింది. పిల్లా, పిల్లా అని ఐదో అంతస్తు దాకా అరిచింది. ఆ కంగారులో బట్టలు తడిసిపోయాయి. ఇంట్లోకి తెచ్చి, దుప్పటి కప్పి, చెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకుని గోడవైపు తిరిగింది. ఆ తడిబట్టల్లోనే ఆయమ్మ మెట్లెక్కి వచ్చేదాకా ఉంది. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్కో మెట్టు మీద ఆయమ్మ చెప్పు చప్పుడు వినబడుతోంది. మధ్యలో చాలాసేపు ఆగిపోయింది. మళ్ళీ వినబడింది.

సమావేశం పెట్టమని బామ్మర్దిని అడిగాను. పెట్టాడు. అది వాడి మంచితనమే. కార్లు నిలిపే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నన్ను మాట్లాడమన్నారు. మా అక్కకు ఆమె కావాలి, ఆమెకు లిఫ్ట్ కావాలి అని చెప్పి కూర్చున్నాను. ఇంకేం చెప్పాలి? తరవాత చాలామంది లేచారు. పాపం అన్నారు. పెద్దావిడ అన్నారు. మానవత్వం అన్న మాట నలుమూలలా వినబడింది. వకీలు కూడా తల ఊపాడు.

"ఇక ఓటింగ్" అన్నాడు బామ్మర్ది. "ఎవరి ఫోన్‌లో వాళ్ళు నొక్కండి. ఎవరి ఓటు ఎవరికీ తెలియదు." నావైపు వంగి, "ఒకప్పుడు ఇంటి యజమాని ఒక్కడే తేల్చేవాడు బావా. ఇప్పుడు అందరిదీ ఒకే ఓటు" అన్నాడు.

అందరూ తలలు వంచుకుని నొక్కారు. ఫలితం గోడ మీది తెర మీద పడింది. ఓడిపోయాం. కాస్తో కూస్తో కాదు. పాపం అన్నవాళ్ళే లెక్కకు ఎక్కువ, మాకు పడ్డ ఓట్లకంటే. చెయ్యెత్తాల్సి వచ్చుంటే కొందరైనా నా ముఖం చూసి సిగ్గుపడేవాళ్ళు. కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎవరి అంతస్తుకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఐదో అంతస్తుకు ఆ రోజు నేను మెట్లమీదనే వెళ్ళాను. ఎవరినీ సాధించడానికి కాదు. వాళ్ళతో ఆ పెట్టెలో నిలబడాలనిపించలేదు.

పొద్దున ఆయమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మా వీధిలోనూ ఇంతేనయ్యా. తాగేనీళ్ళ మిషను పెట్టారు. కార్డు పెడితే నీళ్ళొస్తాయి. ఈమధ్య ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు వీధి చివర రేకుల షెడ్లు వేసుకున్నారు. వాళ్ళకు కార్డులివ్వాలా వద్దా అని అడిగారు. వద్దని చెయ్యెత్తాం."

"నువ్వూ ఎత్తావా?"

"ఎత్తానయ్యా. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మా బిందెలకు తక్కువ పడుతుందని."

"తరవాత?"

"తరవాతేముంది? వాళ్ళలో ఒకామె రోజూ ఎదురొస్తుంది. నన్ను చూసి మెడ తిప్పుకుంటుంది. నేనూ తిప్పుకుంటా. ఇద్దరికీ మెడనొప్పి."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నవ్వాను. ఆమె కూడా నవ్వి, చేతులు కొంగుకు తుడుచుకుని, నెలాఖరుతో మానేస్తానని చెప్పింది. పక్క వీధి వాళ్ళకు మాట ఇచ్చేసిందట. అక్క వింది. మధ్యాహ్నం తినలేదు. మర్నాడు పొద్దున కూడా తినలేదు.

నేను బామ్మర్ది ఇంటికి వెళ్ళాను. వాడు పేపరు చదువుతున్నాడు. వాడి భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఇళ్ళు మార్చుకుందాం. నువ్వు పైకి రా. నేను కిందికి వస్తా."

వాడు కళ్ళజోడు తీశాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఐదో అంతస్తు... మంచి గాలి, కాదనను. కానీ కుదరదు బావా. మా పనావిడ అన్ని మెట్లు ఎక్కలేదు."

అనేసి ఆగిపోయాడు.

నేను అనాల్సింది వాడే అనేశాడు. వాడు పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. ముందు వాడి భార్య నవ్వింది. చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోంచి జారేంత నవ్వింది.

"ఆగిపోయారేం? చెప్పండి. మనం కిందున్నాం కదా, మనకేంలే అనుకునే కదా నొక్కాం."

"నేను సూత్రప్రకారం..." అన్నాడు వాడు.

"సూత్రం తరవాత చెబుదురుగాని." ఆమె నావైపు తిరిగింది. "మార్చుకుందాం అన్నయ్యా. ఈ గదుల్లో ఎండ చూసి ఎన్నేళ్ళయిందో. పనావిడ రాకపోతే ఈయన తుడుస్తారు. చరిత్రలో మొదటిసారి."

వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "సరే" అన్నాడు మెల్లగా. ఆ సరేలో సిగ్గు ఉంది. ఉండనీ అనుకున్నాను. సిగ్గుపడ్డంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు.

నెలాఖరు లోపలే సామాన్లు మార్చుకున్నాం. వాడి పుస్తకాలు పైకి వెళ్ళాయి, మోసినవాళ్ళు మెట్లమీదుగానే మోశారు. ఆయమ్మ పక్క వీధి వాళ్ళకు రానని కబురు పంపింది. ఇప్పుడు వీధిలోంచి నేరుగా మా గుమ్మంలోకి వస్తుంది. ఒక్క మెట్టు లేదు.

నేను గెలిచానని అనుకోవడంలేదు. నా ఇంటిని తెచ్చి మెట్ల కింద పెట్టుకున్నాను, అంతే. వంటామె ఇంకా ఎక్కుతూనే ఉంది. ఇస్త్రీ బట్టలాయన మూటతో ఎక్కుతూనే ఉన్నాడు. మా గోడ అవతలే మెట్లు. వాళ్ళ చప్పుడు రోజంతా మా ఇంట్లోకి వినబడుతుంది.

బామ్మర్ది పనావిడ వారంలో మానేసింది. ఒక సాయంత్రం వాడు నడుం మీద చెయ్యి పెట్టుకుని దిగి వచ్చాడు.

"బావా, లిఫ్ట్ విషయం మళ్ళీ పెడుతున్నా. ఈసారి నెగ్గుతుంది. పైఅంతస్తుల వాళ్ళందరికీ పనివాళ్ళ ఇబ్బంది మొదలైంది. చూశారా, నిదానంగానైనా సమాజం దిద్దుకుంటుంది. మీరు నాలుగు మాటలు మాట్లాడాలి."

"నేను మాట్లాడను. చీపురు నీ చేతిలో ఉంది. నువ్వే మాట్లాడు."

"కారణం ఏదైతేనేం బావా? మార్పు వస్తే చాలదా?"

ఆ మాట గురించి తరవాత చాలాసార్లు ఆలోచించాను. నెగ్గితే వంటామె మోకాళ్ళకు చాలు. నాకు చాలదు. రేపు తుడిచే మిషను కొనుక్కుంటే వాడికి పనావిడతో పనుండదు. అప్పుడు మళ్ళీ ఓటు పెడతారు. ఆ సాయంత్రం మాత్రం వాడికి టీ ఇచ్చి పంపించాను.

అక్కకు మాత్రం ఈ ఇల్లు నచ్చలేదు. మంచం మీదనుంచి చూస్తే కిటికీలో స్కూటర్ల చక్రాలు, వాటి వెనక ప్రహరీగోడ. పైన ఉన్నప్పుడు గద్దలు తిరగడం కనబడేదట. ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఆకాశం ఎక్కడ పెట్టారే?" అని ఆయమ్మను అడిగింది ఒక పొద్దున.

"మీ తమ్ముడిగారి బామ్మర్దికి ఇచ్చేశారమ్మా. ఆకాశం ఇచ్చి నన్ను ఉంచుకున్నారు. మీకు నష్టమే."

అక్క ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నష్టమే" అంది. "పో, నీళ్ళు పెట్టు. స్నానం వేళయింది."